ఫండు నుంచి పెన్షన్‌కు: మన రైల్వే ఇళ్ళ కథ, రిటర్నులో దాని చోటు

పోయిన వారం మన కుర్రాడొకడు ఫోన్ చేసి, "బాబాయ్, నేను ఎన్పీఎస్ నుంచి యూపీఎస్‌కి మారాను. ఇన్‌కంటాక్స్ రిటర్నులో ఇది ఎక్కడ చూపించాలి?" అని అడిగాడు. రెండు ముక్కల్లో చెప్పేద్దామని మొదలుపెట్టి మేము మా తాతగారి దాకా వెళ్ళిపోయాం. వాడు పాపం ఓపిగ్గా విన్నాడు. మీరూ వింటారని రాస్తున్నాం, కాస్త పొడుగైనా.

మునిగుడలో మన తెలుగువాళ్ళలో చాలామందిమి పట్టాల వెంట వచ్చినవాళ్ళమే. బి.ఎన్.ఆర్. కంపెనీ విజయనగరం నుంచి రాయపూర్ దాకా వేసిన లైను 1931కి పూర్తయింది. అప్పటికి ఈ నేల మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డాక కోరాపుట్ జిల్లా అయింది, 1992 అక్టోబరు 2 నుంచి రాయగడ జిల్లా. రైల్వేకీ పేర్లు మారాయి. 1955లో సౌత్ ఈస్టర్న్, 2003లో ఈస్ట్ కోస్ట్. ఉన్నచోటునే ఉండి ఇన్ని మార్పులు చూసినవాళ్ళం కాబట్టి, పేరు మారితే కాగితాల్లో ఏమేం మారతాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. డబ్బు విషయంలో మాత్రం ఎందుకో మరిచిపోతాం.

కంపెనీ రోజుల్లో రైల్వే వాళ్ళకు పెన్షన్ లేదు, ప్రావిడెంట్ ఫండే. జీతంలోంచి కొంత కోసేవారు, యజమాని తన వాటా కలిపేవాడు. రిటైరైన రోజు మొత్తం చేతిలో పెట్టి దండం పెట్టేవారు. 1957 నవంబరు 16న రైల్వే బోర్డు ఉత్తర్వు వచ్చింది. కొత్తగా చేరేవాళ్ళకు పెన్షన్, ఆ ఏడు ఏప్రిల్ 1కి సర్వీసులో ఉన్నవాళ్ళకు మాత్రం ఆప్షన్: ఫండులోనే ఉండొచ్చు, పెన్షన్‌కు మారొచ్చు.

మా తాతగారు గ్యాంగ్‌లో పనిచేసేవారు. ఆయన మారలేదు. "నెలనెలా ఇచ్చేది ఎన్నాళ్ళిస్తారో ఎవడికి తెలుసు, చేతిలో పడ్డదే మనది" అనేవారట. ఇప్పుడు వింటే తెలివితక్కువగా అనిపిస్తుంది గానీ ఆనాటి లెక్క అది కాదు. భార్యకు జీవితాంతం వచ్చే ఫ్యామిలీ పెన్షన్ 1964 జనవరి 1 నుంచి గానీ రాలేదు. రిటైరైన రెండేళ్ళకు మనిషి పోతే పెన్షనూ పోయినట్టే, ఫండు డబ్బయితే ఇంట్లో ఉంటుంది. పెళ్ళికున్న ఆడపిల్లలు ముగ్గురుంటే ఏ తండ్రయినా అదే చేస్తాడు. ఆ తర్వాత కూడా రైల్వే వాళ్ళు మళ్ళీ మళ్ళీ గడువులు పెట్టి అడిగారు, మొత్తం పన్నెండు సార్లు. తాతగారు ఒక్కసారీ సంతకం పెట్టలేదు. 1974లో రిటైరయ్యారు. వచ్చిన డబ్బుతో రెండు పెళ్ళిళ్ళు, పెంకుటిల్లు అయ్యాయి. నాలుగేళ్ళకు ఏమీ మిగల్లేదు.

అలాంటివాళ్ళు దేశమంతా ఉన్నారు. 1982లో నకారా కేసు తీర్పు వచ్చాక వాళ్ళకు ఆశ పుట్టింది. పెన్షనర్లను రిటైరైన తేదీని బట్టి విడదీయకూడదని సుప్రీంకోర్టు అంది కదా, మాకూ ఇంకోసారి ఆప్షన్ ఇవ్వండి అని వెళ్ళారు. అదే కృష్ణకుమార్ కేసు. 1990లో రాజ్యాంగ ధర్మాసనం కుదరదంది. ఫండు తీసుకున్నవాళ్ళు వేరు, పెన్షనర్లు వేరు. ఫండు మనిషికి డబ్బు ఇచ్చేయడంతో సర్కారు బాధ్యత తీరిపోతుంది, పెన్షనర్ విషయంలో ఆ రోజే మొదలవుతుంది, ఇదీ తీర్పు సారాంశం. తాతగారు పోయాక నానమ్మకు నెలకు 150 రూపాయల ఎక్స్‌గ్రేషియా, దాని మీద కరువు భత్యం వచ్చేది. దాన్ని ఆవిడ పెన్షన్ అనే అనేది. మేమెవ్వరం సరిదిద్దలేదు.

పెదనాన్నగారి కథ దీనికి తిరగబడ్డది. ఆయనా ఫండులోనే ఉండి 1986 జూన్‌లో రిటైరయ్యారు, డబ్బు తీసేసుకున్నారు. మరుసటి ఏడాది మేలో, నాలుగో వేతన సంఘం సిఫారసు మీద, ఉత్తర్వులు వచ్చాయి. 1986 జనవరి 1 నాటికి సర్వీసులో ఉన్న ఫండు వాళ్ళంతా, వద్దని రాసిస్తే తప్ప, పెన్షన్‌కు మారినట్టే. ఈలోగా రిటైరై డబ్బు తీసుకున్నవాళ్ళు మారాలంటే సర్కారు వాటాను, దాని వడ్డీని తిరిగి కట్టాలి. 1987 సెప్టెంబరు 30 గడువు. ఆ డబ్బుతో పెదనాన్న అప్పటికే భూమి కొన్నారు. ఇంట్లో పెద్ద గొడవ. పెదమ్మ నగలు కుదువపెట్టి, బావగారి దగ్గర చేబదులు తెచ్చి, వాల్తేరు డివిజన్ ఆఫీసుకు వెళ్ళి కట్టి వచ్చారు. ఆయన పోయి పదిహేనేళ్ళు దాటింది. పెదమ్మకు ఈ నెల కూడా ఫ్యామిలీ పెన్షన్ పడింది.

ఇక పన్ను సంగతి. తాతగారికి ఒక్కసారిగా వచ్చిన ఫండు, 1925 నాటి ప్రావిడెంట్ ఫండ్స్ చట్టం కిందది కాబట్టి, 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(11) ప్రకారం పన్ను లేనిది. పెదనాన్న తిరిగి కట్టింది నష్టమూ కాదు, మినహాయింపూ కాదు, ఎవరి డబ్బు వారికి చేరింది, అంతే. కానీ ఆ తర్వాత వచ్చిన ప్రతి నెల పెన్షనూ పన్ను చట్టం దృష్టిలో జీతమే. కమ్యూట్ చేసి తీసుకున్న మొత్తానికి సర్కారు ఉద్యోగికి పూర్తిగా పన్ను లేదు, 10(10ఏ). పదిహేనేళ్ళకు ఆ కోత తీరి పెన్షన్ పెరిగితే, పెరిగినది మళ్ళీ జీతమే. అప్పట్లో ఏడాదికి 18,000 దాకా పన్ను లేదు కాబట్టి పెదనాన్న ఇదేమీ పట్టించుకోలేదు. ఆయన చేసిన పనిలో పన్ను పడే చోటు మారిన సంగతి మాత్రం నిజం: ఒకేసారి వచ్చే పన్ను లేని డబ్బు పోయి, నెలనెలా వచ్చే పన్ను ఉన్న డబ్బు వచ్చింది.

పెదనాన్న పోయాక అదే పెన్షన్ ఇంకోసారి రూపం మార్చుకుంది. ఫ్యామిలీ పెన్షన్ జీతం కాదు, ఇతర ఆదాయం. దాని మీద స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. మూడో వంతు గానీ 15,000 గానీ, ఏది తక్కువైతే అది తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఆ 15,000 బదులు 25,000, ఇది 2024-25 నుంచి. మా పెదమ్మ రిటర్ను ఒక ఏడాది బయట ఎవరితోనో వేయిస్తే, జీతం గడిలో పెట్టి 50,000 తీసేశారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద కోసిన టీడీఎస్ వెనక్కి రావాలని వేసిన రిటర్ను అది. ఆవిడ వయసుకు ఎలాగూ పన్ను పడదు, అయినా తప్పు తప్పే కదా, రివైజ్డ్ వేశాం. అరవైల్లో ఉన్నవాళ్ళకు ఇదే తప్పు వేల రూపాయల తేడా తెస్తుంది. మన సంఘంలో ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే అత్తలు, అక్కలు చాలామందే ఉన్నారు, పాత రిటర్నులు ఒకసారి తీసి చూడండి.

కంపెనీ ఉద్యోగాల వాళ్ళకూ ఇలాంటి మార్పే ఒకటి వచ్చింది. 1971 నాటి ఫ్యామిలీ పెన్షన్ పథకం 1995లో ఈపీఎస్‌గా మారింది. అదీ నవంబరు 16నే, యాదృచ్ఛికమే గానీ మాకు సరదాగా ఉంటుంది. ఈ మధ్య తరం వాళ్ళు ఫండు నుంచి, సూపర్‌యాన్యుయేషన్ నుంచి ఎన్పీఎస్‌కు మారుతున్నారు. మా పిన్ని కొడుకు రాయగడ వైపు ఒక కంపెనీలో ఉండగా అలాగే మార్చుకున్నాడు. మార్చిన డబ్బు చూసి సంబరపడి, అదంతా ఈ ఏడు నేను కట్టిందే అనుకుని 80సీసీడీలో అదనపు 50,000 మినహాయింపు తీసుకున్నాడు. వాడి పక్క సీటు ఆయన దానికి తలకిందులు: మొత్తాన్ని ఆదాయంగా చూపించి పన్ను కట్టేశాడు. ఇద్దరిదీ తప్పే. 2017 మార్చిలో పీఎఫ్ఆర్‌డీఏ సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది: గుర్తింపు పొందిన ఫండు నుంచి ఎన్పీఎస్‌కు నేరుగా బదిలీ అయిన మొత్తం ఆ ఏటి ఆదాయం కాదు, ఆ ఏటి చందా కూడా కాదు. మావాడు మరుసటి ఏడు అప్‌డేటెడ్ రిటర్ను వేసి అదనపు పన్నుతో కట్టాడు. పక్కాయన గడువులోపే చూసుకుని రివైజ్డ్ వేశాడు. ఎక్కువ కట్టిన పన్ను వెనక్కి రావాలంటే అప్‌డేటెడ్ రిటర్ను పనికిరాదు, అందుకే ఆయన తొందరపడ్డాడు.

ఇంతకీ కుర్రాడి ప్రశ్న. యూపీఎస్ 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఎన్పీఎస్‌కు ఉన్న పన్ను రాయితీలే దీనికీ వర్తిస్తాయని ఆ జులైలో ఆర్థిక శాఖ ప్రకటించింది. మారినందుకు వాడి చేతికి పైసా రాలేదు, కాబట్టి చూపించాల్సిన ఆదాయమూ లేదు. ఇన్నేళ్ళ నిల్వ అటు వెళ్ళిందని దాన్ని ఈ ఏటి చందాగా వేయకూడదు. ఈ ఏడు జీతంలో కోసిన తన పది శాతం పాత విధానంలో ఉంటేనే మినహాయింపుకు పనికొస్తుంది. సర్కారు జమచేసిన పది శాతం మాత్రం రెండు చోట్లా కనపడాలి, జీతంలో కలిపి, 80సీసీడీ(2)లో తీసి. చాలామంది జీతంలో కలపకుండా కింద తీసేస్తారు, లేదా కలిపి కింద మరిచిపోతారు. ఫారం 16తో సరిచూస్తే తెలిసిపోతుంది. ఒక మాట: మేము రాసిన సెక్షన్ నంబర్లన్నీ 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టంలో నంబర్లు వేరు.

పెదనాన్న సర్కారు వాటా తిరిగి కట్టిన రసీదు మా పెట్టెలో ఇంకా ఉంది, అంచులు చెదలు తిన్నాయి గానీ అంకె కనపడుతోంది. యూపీఎస్‌కు మారిన పిల్లలు ఆప్షన్ కాపీని ఒక జిరాక్స్ తీసి ఇంట్లో పెట్టుకోండి. ఫారం 16 వచ్చాక ఏదైనా ఆదివారం సాయంత్రం పట్టుకురండి, కూర్చుని చూద్దాం.