తవర్జీ నుంచి సీపీఎస్ దాకా: కట్టడి ఎవరికి?

కడప జిల్లాలో పెన్షన్ గొడవ సీపీఎస్‌తో మొదలు కాలేదు మిత్రులారా. దానికి దాదాపు 180 ఏళ్ల చరిత్ర ఉంది.

1800లో ఈ సీమ కంపెనీ చేతికి పోయింది. కలెక్టర్ థామస్ మన్రో దాదాపు 80 మంది పాలెగాళ్ల అధికారం లాగేసి, కొందరికి నెలనెలా భరణం కట్టాడు. అదే తవర్జీ. జమ్మలమడుగుకు ఉత్తరాన నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి మగసంతానం లేకుండా పోతే, ఆయన తవర్జీని కంపెనీ ఆపేసింది. కూతురి కొడుకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి వస్తున్నది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. అదే కాలంలో కట్టుబడి బంట్రోతులు చనిపోతే వాళ్ల ఇనాం భూములను కూడా సర్కారు కలుపుకుంది. 1846లో తిరుగుబాటు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి. కోయిలకుంట్ల అప్పుడు కడప జిల్లాలోదే.

కంపెనీ చేసిందీ పొదుపే. అయితే రెడ్డి తవర్జీ చరిత్రకెక్కింది, సినిమాకెక్కింది. ఊరి వెట్టి మోసిన మాల మాదిగలకు ఏ తవర్జీ ఉంది? ఆపడానికి కూడా వాళ్లకు ఏమీ లేదు.

ఇక 2004. పులివెందుల నుంచి గెలిచిన వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి. ఆ ఏడాది సెప్టెంబర్ 1 తర్వాత చేరిన ఉద్యోగులకు సీపీఎస్ వచ్చింది. జీతంలో 10 శాతం ఉద్యోగి, అంతే ప్రభుత్వం. 2019లో అదే పులివెందుల నుంచి గెలిచిన జగన్, వారంలో సీపీఎస్ రద్దు చేస్తామన్నారు. చివరికి 2023లో తెచ్చింది జీపీఎస్ చట్టం. వారం నాలుగేళ్లయింది.

నేను కట్టడికి వ్యతిరేకిని కాదు. పాత పెన్షన్‌కు విడిగా నిధి లేదు. ఈనాటి మాటకు రేపటి బడ్జెట్ చెల్లించాలి. రేపటి బడ్జెట్ ఇరుకైతే ముందు కోసేది మన పద్దునే. 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. అందరికీ ఇచ్చే పథకాల్లో మన వాటాను కూడా ఆ పద్దులోనే రాసేస్తే, మాదిగవాడకు డ్రైనేజీ, మాలవాడకు రోడ్డు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇంకో నిజం కూడా చెప్పాలి. రిజర్వేషన్‌తో మొదటిసారి సర్కారు జీతం చూసిన మన ఇళ్లల్లో చాలామంది 2004 తర్వాత చేరినవాళ్లే. మనం గడప తొక్కేసరికి నిచ్చెన తీశారు. వాళ్ల కోపం న్యాయమైనదే. కాని వాళ్లకు కావలసింది ఎన్నికల మాట కాదు, వాళ్ల పేరున ఖాతాలో సకాలంలో పడే ప్రభుత్వ వాటా. అన్నిటికంటే అడుగున, ప్రొద్దుటూరు వీధుల్లో తెల్లవారకముందే చీపురు పట్టే ఔట్‌సోర్సింగ్ కార్మికులకు పాత పెన్షనూ లేదు, సీపీఎసూ లేదు. 2023 డిసెంబర్‌లో రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగింది ఊరికే కాదు.

అంబేద్కర్ బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద 1925లోనే పుస్తకం వేశారు. రాజ్యాంగ సభలో ఆడిటర్ జనరల్ పదవిని అత్యంత ముఖ్యమైనదిగా చెప్పారు. ఖజానా లెక్క అడగడం దొరల పని అని మనం వదిలేయకూడదు.

అందుకే ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో మున్సిపల్ బడ్జెట్ పెట్టిన రోజు మన కౌన్సిలర్లు మూడు ప్రశ్నలు అడగాలి. అప్పు ఎంత? సబ్‌ప్లాన్ డబ్బు ఏ వీధిలో ఖర్చయింది? చీపురు పట్టిన చేతికి ముసలితనంలో ఏముంది?

కట్టడి పైనుంచి మొదలైతే పొదుపు. కిందినుంచి మొదలైతే దోపిడీ.

జై భీమ్.