స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థలలో గూఢలిపి - ఎగుమతి ఆంక్షలు

గూఢలిపి ఎగుమతి ఆంక్షలు అనగా సమాచారాన్ని ఇతరులు చదవజాలని రూపంలోనికి మార్చే సాఫ్టువేరు దేశపు సరిహద్దులు దాటకుండా ప్రభుత్వాలు విధించే నిబంధనలు. 1990వ దశకంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలు విధించిన ఆంక్షలు లినక్స్, బీఎస్‌డీ వంటి స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థల (ఆపరేటింగ్ సిస్టముల) నిర్మాణాన్ని గాఢంగా ప్రభావితం చేశాయి.

నేపథ్యం

1996 చివరి వరకు అమెరికా చట్టం బలమైన గూఢలిపి సాఫ్టువేరును ఆయుధ సామగ్రి జాబితాలో చేర్చి, ఫిరంగులతోను క్షిపణులతోను ఒకే గాటన కట్టింది. ఎగుమతికి సులభంగా అనుమతి లభించే సాఫ్టువేరులో తాళపుచెవి పొడవు సాధారణంగా 40 బిట్లకు మించరాదు. అంటే సుమారు 1,10,000 కోట్ల తాళపుచెవులు సాధ్యం. ఈ సంఖ్య పెద్దదిగా తోచినా కంప్యూటరుకు లెక్కలోనిది కాదు. దీనికి 65,536 రెట్లు అధికమైన 56 బిట్ల డీఈఎస్ తాళాన్నే 1998 జూలైలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ నిర్మించిన యంత్రం 56 గంటలలో ఛేదించింది. భారతదేశంలో కూడా ఒకప్పుడు అంతర్జాల సేవాసంస్థల లైసెన్సు నిబంధనలలో, ముందస్తు అనుమతి లేని వాడకానికి ఇదే 40 బిట్ల పరిమితి ఉండేది.

ఈ ఆంక్షలలోని వింత ఏమనగా, అచ్చయిన పుస్తకానికి ఇవి అడ్డు కాలేదు. ఫిల్ జిమ్మర్మన్ 1991లో విడుదల చేసిన పీజీపీ విదేశాలకు చేరినందుకు ఆయనపై నేర విచారణ జరిగి, 1996 జనవరిలో ఆగిపోయింది. ఈలోగా 1995లో ఆ ప్రోగ్రాము మూలసంకేతాన్ని ఎం.ఐ.టి. ప్రెస్ పుస్తకంగానే ప్రచురించింది. అదే పాఠాన్ని అనుమతి లేకుండా ఫ్లాపీలో పంపితే నేరం.

నిర్వహణ వ్యవస్థలపై ప్రభావం

గూఢలిపిని అమెరికాలోనికి దిగుమతి చేసుకొనుటకు ఆటంకం లేదు. బయటకు పంపుటకే ఆటంకం. కనుక విదేశీయుడు వ్రాసిన సంకేతాన్ని అమెరికన్ వాడుకొనవచ్చును గాని, అందులో దోషాన్ని సరిదిద్ది తిరిగి పంపరాదు. అందరూ కలిసి దిద్దుకొనుటయే ప్రాణమైన స్వేచ్ఛా సాఫ్టువేరుకు ఇది పెద్ద దెబ్బ.

డెబియన్ ప్రాజెక్టు ఇట్టి ప్యాకేజీలను 'నాన్-యూఎస్' అను పేరుతో అమెరికా వెలుపలి సర్వర్లలో విడిగా ఉంచింది. ఫ్రీబీఎస్‌డీ గూఢలిపి భాగాల అంతర్జాతీయ భాండాగారం దక్షిణాఫ్రికాలో ఉండేది. తరువాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు మూలమైన ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవై ఆస్ట్రేలియాలో పుట్టింది. థియో డి రాట్ 1995లో కెనడాలోని కాల్గరీ నుండి ప్రారంభించిన ఓపెన్‌బీఎస్‌డీకి ఈ చిక్కు తక్కువ. కెనడా నిబంధనలు బహిరంగంగా లభించే సాఫ్టువేరును అడ్డగించలేదు. అందువలననే 1999లో వెలువడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ గూఢలిపి భాగాలను అమెరికా వెలుపలనే వ్రాశారు. అమెరికాలో నివసించే సభ్యుడొకరు సంకేతం వ్రాయుటకై సరిహద్దు దాటి కెనడాకు వెళ్ళవలసి వచ్చింది కూడా.

సడలింపు

1996 నవంబరులో అధ్యక్షుడు క్లింటన్ ఉత్తర్వుతో పౌర వినియోగ గూఢలిపి వాణిజ్య శాఖ పరిధిలోనికి మారింది. డేనియల్ బెర్న్‌స్టీన్ వేసిన వ్యాజ్యంలో, మూలసంకేతం కూడా భావప్రకటనే అని 1999 మే నెలలో అప్పీళ్ల న్యాయస్థానం తీర్పు చెప్పింది. పునర్విచారణ నిమిత్తం ఆ తీర్పును తరువాత ఉపసంహరించారు. 2000 జనవరి నుండి బహిరంగ మూలసంకేతాన్ని, ప్రభుత్వానికి ఒక ఈ-మెయిలు ద్వారా తెలిపి ఎగుమతి చేయుటకు వీలు కలిగింది. డెబియన్ 2002లో గూఢలిపిని ప్రధాన భాండాగారంలో చేర్చుకొన్నది. 2021 మార్చిలో ప్రామాణిక గూఢలిపి గల బహిరంగ మూలసంకేతానికి ఆ ఈ-మెయిలు అవసరం కూడా తొలగింది. ప్రామాణికం కాని పద్ధతులకు మాత్రం మిగిలింది.

భారతదేశం 2017 డిసెంబరులో చేరిన వాసెనార్ ఒడంబడికలో కూడా గూఢలిపి నియంత్రిత వస్తువే, అయితే బహిరంగంగా లభించే సాఫ్టువేరుకు అందులో మినహాయింపు ఉన్నది.