అసీల్: వేరున్న కోడి

చార్మినార్‌కు దగ్గర్లోని మహబూబ్ చౌక్‌ను పాతబస్తీ జనం ముర్గీ చౌక్ అంటారు. అక్కడి కోళ్ల బేరాల్లో గౌరవంగా పలికే మాట 'అసీల్'.

అరబీలో 'అస్ల్' అంటే వేరు, మూలం. వంశం చెడనిది 'అసీల్'. పారశీకం, ఉర్దూల మీదుగా ఆ 'అస్ల్' మాటే తెలుగులో 'అసలు' అయింది. అప్పు పత్రంలో వడ్డీ పక్కన రాసే అసలూ, మెడ నిక్కించి నిలబడే ఈ పుంజూ ఒకే మూలానివి!

పొడవాటి మెడ, పొట్టి తురాయి, గట్టి కాళ్లు, ఒంటికి అతుక్కున్న ఈకలు జాతి గుర్తులు. రంగును బట్టి మళ్లీ పేర్లు: బంగారు ఎరుపుది పీలా, నలుపు ఎరుపులు కలిసింది యాకూబ్, తెల్లనిది నూరీ, నల్లనిది కాగర్. కోస్తాలో ఈ లెక్క డేగ, కాకి, నెమలి, సేతువ అని సాగుతుంది.

అసీల్ పెట్ట పొదగడంలో దిట్ట, గుడ్లు మాత్రం తక్కువ. అవి లేత గోధుమ రంగువి. అలాగని గోధుమ రంగు గుడ్లన్నీ నాటుగుడ్లు కావు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన గ్రామప్రియ కూడా ఆ రంగు గుడ్లే పెడుతుంది. పెంకు తయారయ్యే చివరి గంటల్లో ప్రోటోపార్ఫిరిన్ అనే వర్ణకం పైపైన అద్దుకుంటే వచ్చే రంగది. దీనికి భిన్నంగా చిలీ దేశపు అరౌకానా కోడి గుడ్డు నీలం. దాని వర్ణకం బిలివర్డిన్ పెంకు లోపలిదాకా ఇంకుతుంది. ఆ నీలి జన్యువు ప్రబలమైనది కాబట్టి, అరౌకానాను గోధుమ గుడ్ల జాతితో జతకట్టిస్తే, నీలి పెంకు మీద గోధుమ రంగు అద్దుకుని, పుట్టిన పెట్టలు ఆకుపచ్చ గుడ్లు పెడతాయి.