తుంటి మార్పిడి: సిమెంట్ లేని ఇంప్లాంట్ ఎన్నేళ్లు ఉంటుంది? ఎవరికి మంచిది?

రాజమహేంద్రవరం: తుంటి కీలు మార్చాలని డాక్టర్ చెప్పగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట.. 'ఎన్నేళ్లు వస్తుందండీ?' స్టెరాయిడ్లు, అతిగా మద్యం వల్ల తుంటి బంతికి రక్తం అందక 40 ఏళ్లకే కీలు దెబ్బతిన్నవాళ్లకి ఇదే అసలు ప్రశ్న.

తేడా ఏంటి?
1960ల్లో బ్రిటన్ సర్జన్ జాన్ చార్న్‌లీ తెచ్చిన పద్ధతిలో కృత్రిమ కీలును బోన్ సిమెంట్‌తో బిగిస్తారు. సిమెంట్ లేని రకంలో గరుకు పూత ఉన్న టైటానియం కాడను ఎముకలోకి బిగుతుగా దించుతారు. తర్వాత ఎముకే అందులోకి పెరిగి పట్టేస్తుంది.

ఎన్నేళ్లు?
2019లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం, అన్ని రకాలూ కలిపి 100 తుంటి మార్పిడుల్లో దాదాపు 58 చొప్పున 25 ఏళ్లు నిలిచాయి. సిమెంట్ లేని కాడను ఎముక ఒకసారి పట్టేస్తే వదులవడం అరుదు. అరిగేది గిన్నెలోని ప్లాస్టిక్ పొర. ఆ పొడి వల్ల చుట్టూ ఎముక కరిగిపోతుంది. 1990ల చివర్లో వచ్చిన గట్టిరకం ప్లాస్టిక్‌తో ఈ అరుగుదల బాగా తగ్గింది.

అందరికీ ఇదేనా?
కాదు. 70 దాటి ఎముకలు గుల్లబారినవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, సిమెంట్ లేని కాడ చుట్టూ ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ. వాళ్లకి సిమెంట్ కాడే మేలు. ఖరీదైనదే మంచిదనుకోవద్దు.

ఇవి మర్చిపోవద్దు
ఇంప్లాంట్ కంపెనీ, మోడల్, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్లు అడిగి తీసుకుని దాచుకోండి. 2010లో డిప్యూ కంపెనీ ఏఎస్‌ఆర్ తుంటి ఇంప్లాంట్లను వెనక్కి పిలిస్తే, మన దేశంలో చాలామంది పేషెంట్ల ఆచూకీ దొరకలేదు. నొప్పి లేకపోయినా డాక్టర్ చెప్పిన గడువుకి ఎక్స్‌రే తీయించుకోండి. ఎముక కరగడం మొదట్లో నొప్పిగా తెలియదు.