లినక్స్ ధ్వని డ్రైవర్లలో దోషనిర్వహణ: మార్పుల చరిత్ర - పాఠపరిష్కరణ దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కంప్యూటరులో ధ్వనిని నడిపించే డ్రైవర్లు దోషం తలెత్తినప్పుడు ఏమి చేస్తాయి, ఎవరికి చెబుతాయి అన్న విషయం గత మూడు దశాబ్దాలలో పలుమార్లు మారింది. లినక్స్ కెర్నెల్‌లోని ఆ మార్పులలో ముఖ్యమైనవాటిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉత్తరాంధ్ర మౌఖిక సాహిత్య సేకరణకు ఈ చరిత్రతో ఉన్న సంబంధాన్ని చర్చిస్తుంది.

కీలక పదాలు: లినక్స్, అల్సా, డ్రైవరు, దోషనిర్వహణ, గ్రంథపాతం, మౌఖిక సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నం కేంద్రంగా ఉత్తరాంధ్రలో జముకుల కథనో, తప్పెటగుళ్ల పాటనో సేకరించే పరిశోధకుని చేతిలో నేడు ఉండేవి ఒక మైకు, ఒక లాప్‌టాప్. గాయకుని గొంతుకూ పరిశోధకుని లిఖిత పాఠానికీ నడుమ ఒక డ్రైవరు ఉంటుంది. సౌండ్ కార్డుకు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు మధ్య దుబాసీగా పనిచేసే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. ఈ దుబాసీ తన పొరపాటును దాచిపెడితే పాఠం ఏమవుతుంది? సాహిత్య విద్యార్థికి ఈ ప్రశ్న కొత్తది కాదు. లేఖకుడు ఒక పాదాన్ని వదిలేసి, వదిలిన గుర్తు కూడా పెట్టకుండా తరువాతి పాదాన్ని రాసుకుపోతే పరిష్కర్తకు కలిగే కష్టం ఇటువంటిదే.

ధ్వనిగ్రహణంలో సర్వసాధారణమైన దోషాన్ని ముందు చూద్దాం. ధ్వని సెకనుకు 44,100 నమూనాల చొప్పున సౌండ్ కార్డు నుండి ఒక తాత్కాలిక నిల్వలోకి వచ్చి పడుతుంటుంది. రికార్డింగు ప్రోగ్రాము వాటిని ఎప్పటికప్పుడు తీసుకుపోవాలి. అది మరొక పనిలో పడి ఆలస్యం చేస్తే నిల్వ నిండి పొంగుతుంది. అప్పుడు లినక్స్ ధ్వనివ్యవస్థ ప్రవాహాన్ని ఆపి, 32 అనే అంకె గల దోషసంకేతాన్ని ప్రోగ్రాముకు అందిస్తుంది. ప్రోగ్రాము ఆ సంకేతాన్ని అందుకొని, ఎక్కడా నమోదు చేయకుండా, ప్రవాహాన్ని తిరిగి మొదలుపెడితే ముందు ముక్క, వెనుక ముక్క అతుక్కుపోతాయి. ఫైలులో ఖాళీ కనిపించదు. 10 మిల్లీసెకన్లు పోతే పోయేవి 441 నమూనాలు. క, ట, ప వంటి స్పర్శాల విడుదల ధ్వనికి పట్టే కాలం కొన్ని మిల్లీసెకన్లే కనుక ఒక హల్లు మొత్తం అందులో కొట్టుకుపోవచ్చు. లిప్యంతరీకరించేవారు దానిని గాయకుని ఉచ్చారణ విశేషంగా భావించే ప్రమాదం ఉంది. గ్రంథపాతమని తెలిసిన గ్రంథపాతం వలన నష్టం పరిమితం. తెలియనిదానితోనే చిక్కు.

2. తొలి దశ

లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను వెలువరించగా, మరుసటి ఏడు ఫిన్లండ్‌కే చెందిన హన్ను సావొలైనెన్ సౌండ్ బ్లాస్టర్ కార్డుకు డ్రైవరు రాశారు. అది ఓఎస్ఎస్ అనే వ్యవస్థగా పెరిగింది. చెక్ దేశీయుడు యారొస్లావ్ కిసెలా గ్రేవిస్ అల్ట్రాసౌండ్ కార్డు కోసం మొదలుపెట్టిన కృషి నుండి 1998లో అల్సా రూపుదిద్దుకుంది. అల్సా 2002లో కెర్నెల్ అభివృద్ధి శాఖలో చేరి, 2003 డిసెంబరులో వెలువడిన 2.6తో ప్రధాన ధ్వనివ్యవస్థ అయింది.

ఈ డ్రైవర్లు సి భాషలో రాసినవి. దోషాన్ని దానంతట అదే పైకి చేరవేసే సదుపాయం సి భాషలో లేదు. ప్రతి ప్రమేయమూ ఒక రుణసంఖ్యను తిరిగి ఇవ్వాలి, పిలిచినవారు దానిని చూడాలి. చూడకపోతే అడిగేవారు లేరు. డ్రైవరు మొదలయ్యేటప్పుడు జ్ఞాపకస్థానం, పోర్టులు, అంతరాయ రేఖ ఒకదాని తరువాత ఒకటి తీసుకుంటుంది. నాలుగో మెట్టులో విఫలమైతే మూడు, రెండు, ఒకటి అనే క్రమంలో అన్నిటినీ విడిచిపెట్టాలి. ఇందుకు ప్రమేయం చివర కొన్ని గుర్తులు పెట్టి, అక్కడికి దూకే పద్ధతి స్థిరపడింది. పాఠ్యపుస్తకాలు నిషేధించిన 'గోటూ' ఇక్కడ మర్యాదస్థురాలైంది. అయితే ఒక గుర్తు తప్పినా తీసుకున్నది విడుదల కాకుండా మిగిలిపోతుంది.

3. మార్పుల పుట

2005 నుండి కెర్నెల్ మార్పులన్నీ గిట్‌లో నమోదవుతున్నాయి. ఎవరు మార్చారు, ఎప్పుడు, ఏ పంక్తిని, ఎందుకు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. 1897లో అచ్చయిన కన్యాశుల్కానికీ 1909 నాటి ముద్రణకూ నడుమ గురజాడ చేసిన మార్పుల క్రమాన్ని మనం రెండు ముద్రణలను పక్కపక్కన పెట్టి ఊహించుకోవలసి వస్తున్నది. డ్రైవరు చరిత్రకారునికి ఆ ఇబ్బంది లేదు. అయితే నమోదైన కారణమల్లా సరైన కారణమని నమ్మరాదు.

2021 ఏప్రిల్‌లో మినసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు కావాలనే లోపభూయిష్ఠమైన సవరణలను కెర్నెల్ సమీక్షకులకు పంపి పరీక్షించిన ఉదంతం వివాదమైంది. ఆ సంస్థ నుండి అంతవరకు వచ్చిన 435 మార్పులను తిరిగి పరిశీలించారు. అత్యధికం సరైనవేనని, 39 మాత్రం దిద్దవలసినవని తేలింది. ఈ పునఃపరిశీలనలో వెనక్కి తీసుకున్నవాటిలో ధ్వని డ్రైవర్ల మార్పులు కూడా ఉన్నాయి. వాటిలో దురుద్దేశం ఉన్నదని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. దోషనిర్వహణ పేరిట జరిగే పొరపాటుకు అవి మంచి ఉదాహరణలు.

సౌండ్ బ్లాస్టర్ 8 డ్రైవరులో ఒక పోర్టును కేటాయించుకోవడం విఫలమైందా అన్న తనిఖీని అదనంగా చేర్చారు. లేకపోతే శూన్యసూచికను వాడే ప్రమాదం ఉందని కారణం రాశారు. నిజానికి ఆ సూచికను డ్రైవరు మరెక్కడా వాడదు. కేటాయింపు ఐచ్ఛికం మాత్రమే. కనుక తనిఖీని తొలగించి, మళ్లీ ఎవరూ చేర్చకుండా అక్కడ ఒక వ్యాఖ్య రాసిపెట్టారు. ప్రక్షిప్త పద్యాన్ని తీసివేసి, పీఠికలో హెచ్చరిక ఉంచే పరిష్కర్త పని గుర్తుకు వస్తుంది. గ్రేవిస్ డ్రైవరులో జాయ్‌స్టిక్ నియంత్రణను చేర్చే చోట మరొక రకం పొరపాటు. అక్కడ దోషం వస్తే ఒక సందేశం అచ్చువేసి, అంతా బాగున్నట్టే ముందుకు సాగే మార్పు చేశారు. పని జరుగుతున్న భ్రమ తప్ప ఇందులో ఏమీ లేదన్నది దానిని వెనక్కి తీసుకొన్న గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ అభిప్రాయం. దోషాన్ని పైకి తిరిగి ఇచ్చే సవరణ ఆ తరువాత చేరింది. నా దృష్టిలో ఈ రెండవది మొదటిదానికంటె ప్రమాదకరం. తనిఖీ లేని చోట కనీసం అనుమానం మిగులుతుంది, ఉత్తుత్తి తనిఖీ ఆ అనుమానాన్ని కూడా చంపేస్తుంది.

4. స్వయంచాలక విడుదల

గోటూ గుర్తుల బెడద తప్పించడానికి తేజున్ హియో రూపొందించిన ఏర్పాటు 2007లో 2.6.21తో వచ్చింది. పరికరం పేరిట తీసుకొన్నవన్నీ ఒక జాబితాలో చేరతాయి. విఫలమైతే కెర్నెలే వాటిని వెనుక నుండి ముందుకు విడిచిపెడుతుంది. అల్సా నిర్వాహకుడు తకాషి ఇవాయ్ 2021 జులైలో పాత డ్రైవర్లను పెద్ద సంఖ్యలో ఈ పద్ధతికి మార్చారు. అవి ఆ ఏడాది 5.15లో వెలువడ్డాయి. శుభ్రపరచడమే వారి ఉద్దేశం.

మరుసటి ఏప్రిల్‌లో లోపం బయటపడింది. కార్డు అనే మూలవస్తువును డ్రైవరు అన్నిటికంటె ముందు తీసుకుంటుంది, కనుక జాబితా నియమం ప్రకారం అది చివర విడుదలవుతుంది. కాని కార్డు విడుదలయ్యేటప్పుడు చిప్‌ను నిలిపివేసే ప్రమేయం నడవాలి, దానికి పోర్టులు అవసరం. పోర్టులు అప్పటికే పోయాయి. బెర్తులో ఉన్న ఓడ తాళ్లు ముందు విప్పేసి, ఆ తరువాత సరుకు దించబోయినట్టు! కార్డు నమోదు పూర్తయినచో క్రమం సరిగానే ఉంటుంది. ఆరంభం మధ్యలో విఫలమైనప్పుడే ఈ తలకిందులు. విఫలమైన వెంటనే కార్డును ముందుగా విడిపించే ఒక సహాయక ప్రమేయాన్ని ఇవాయ్ చేర్చి, డ్రైవరు తరువాత డ్రైవరుగా సరిదిద్దారు. కారణాన్ని, అది తన గత మార్పు ఫలితమన్న సంగతిని ప్రతి సవరణలోనూ రాశారు. మన పునర్ముద్రణల పీఠికలలో ఇటువంటి వాక్యం అరుదు.

పీటర్ జిల్‌స్ట్రా 2023లో తెచ్చిన పరిధి ఆధారిత విడుదల పద్ధతిని 2024లో 6.9 నాటికి అల్సా మూలభాగం స్వీకరించింది. తాళం వేసిన ఖండం దాటగానే తాళం దానంతట అదే తెరుచుకోవడం ఇందులోని విశేషం.

5. సేకర్తకు అందుబాటులో ఉన్న ఆధారం

ఈ మార్పులేవీ నిల్వ పొంగడాన్ని ఆపలేవు. అది జరిగినప్పుడు చెప్పగలిగే సాధనం మాత్రం ఉంది. అల్సాతో వచ్చే ఎరికార్డ్ అనే ప్రోగ్రాము నిల్వ పొంగిన ప్రతిసారీ, కనీసం ఎన్ని మిల్లీసెకన్ల ధ్వని పోయిందో తెరమీద చూపుతుంది. దోషం రాగానే రికార్డింగును నిలిపివేయమని ఆదేశించే వీలూ అందులో ఉంది. మౌఖిక సాహిత్య సిద్ధాంతవ్యాసాల అనుబంధాలలో గాయకుల వివరాలు, ఊరు, తేదీ ఇస్తున్నాము. వాటి పక్కన కెర్నెల్ సంచిక, సౌండ్ కార్డు పేరు, తెరమీద పడిన ఆ పంక్తులు కూడా చేరాలి. తాళపత్రం పురుగు తిన్న చోట పరిష్కర్తలు చుక్కలు పెట్టినట్టే, లిఖిత పాఠంలో ఆ క్షణం దగ్గర చుక్కలు పెట్టి, పక్కన మిల్లీసెకన్ల సంఖ్య వేయవచ్చు.