కొలువు బొమ్మ లోపలి చరిత్ర

ఈసారి కొలువు పెట్టె దించినప్పుడు ఒక పింగాణీ బొమ్మని తలకిందులు చేసి చూడండి. అడుగున చిన్న కన్నం ఉంటుంది. చెవుల పక్కనుంచి భుజాల మీదుగా పీఠం దాకా, రెండు వైపులా, సన్నటి అతుకు గీత కనబడుతుంది. కన్నంలోకి వేలు దూరితే ఇంకా మంచిది. లోపల వేళ్ల గుర్తులూ గతుకులూ తగిలితే మట్టిని అచ్చులో చేత్తో అదిమి చేసిన బొమ్మ అది. నున్నగా ఉండి, బయట ఎత్తున్నచోట లోపల పల్లం తగిలితే పోత పోసిన బొమ్మ.

మా దక్షిణార్కాడు తెలుగిళ్లల్లో మరపాచి కొయ్య బొమ్మలకున్న గౌరవం వీటికి లేదు. (ఆంధ్రలో చాలామంది సంక్రాంతికి కొలువు పెడతారు, ఇక్కడ మనం దసరాకి పెట్టడం అలవాటు చేసుకున్నాం. అది ఇంకో కథ.) పంపకాల్లో పింగాణీ బొమ్మల్ని ఎవరూ అడగరు. "ఫ్యాక్టరీ సరుకే కదా" అని అటక మీద వదిలేస్తారు. ఆ ఫ్యాక్టరీలో ఎన్ని చేతులు పడ్డాయో తెలిస్తే అంత తేలిగ్గా అనరు.

ఈ పని ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ కుమ్మరుల దగ్గర 1740ల్లో ఊపందుకుంది. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అచ్చుని ఫ్రాన్సు నుంచి తెచ్చింది కాబ్రిడ్జ్ ఊరి రాల్ఫ్ డేనియల్ అని అక్కడ చెప్పుకుంటారు, 1745 ప్రాంతంలో. సారె మీద గుండ్రటివే వస్తాయి. అచ్చు చేతికొచ్చాక ఇల్లులాంటి టీపాట్లు, ఒంటెలాంటి టీపాట్లు పుట్టుకొచ్చాయి. వాటికి మూల అచ్చులు చెక్కిన ఆరన్ వుడ్ లాంటి వాళ్ల పేర్లు కొన్ని మిగిలాయి. తక్కినవాళ్ల పేర్లు పోయాయి.

అచ్చులో జరిగేది ఇదీ. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల దగ్గర కాలిస్తే దానిలోని నీరు ముప్పాతిక వంతు పోతుంది. ఆ పొడిలో మళ్లీ నీళ్లు కలిపితే గట్టిపడుతుంది, కానీ ఒళ్లంతా కంటికి కనబడని రంధ్రాలే. మజ్జిగలా కలిపిన మట్టిని, స్లిప్ అంటారు దాన్ని, ఆ అచ్చులో పోస్తే గోడలు నీళ్లు పీల్చుకుంటాయి. గోడని అంటుకుని మట్టి పొరకడుతుంది. తగినంత మందం రాగానే మిగతా స్లిప్‌ని ఒంపేస్తారు. అడుగు కన్నం అందుకే. ఆరేకొద్దీ మట్టి కుదించుకుపోయి తనంతట తానే అచ్చుని వదులుతుంది.

మొదట్లో స్లిప్‌లో నీళ్లు చాలా ఎక్కువ పట్టేవి, అందుకని పలుమార్లు పొయ్యాల్సి వచ్చేది. చిటికెడు సోడా, లేదా సోడియం సిలికేట్ కలిపితే తక్కువ నీళ్లతోనే మట్టి జారుతుందన్న సంగతి 19వ శతాబ్దం చివర్లో పనిలోకొచ్చింది. అయితే ఆ సోడానే జిప్సాన్ని తినేస్తుంది. దాదాపు వంద పోతలకి అచ్చు మొద్దుబారుతుంది. ముక్కు, వేళ్లు, నగల గీతలు అరిగిపోతాయి. ఒకే అచ్చులోంచి వచ్చిన రెండు కృష్ణుళ్లలో ఒకరి వేణువు రంధ్రాలు తేటగానూ ఇంకొకరివి మసగ్గానూ ఉంటే, రెండోవాడు అచ్చు ముసలిదయ్యాక పుట్టాడన్నమాట.

అతుకు గీతని కత్తితో గీకి, తడి స్పాంజితో తుడవాలి. మట్టి పూర్తిగా ఆరాక గీకితే పొడి లేస్తుంది, అందులో ఇసుకరాయి పదార్థం, సిలికా, ఉంటుంది. తెల్లదనం కోసం చెకుముకి రాయి పొడి కలిపిన స్టాఫర్డ్‌షైర్‌లో ఆ దుమ్ముకి ఊపిరితిత్తులు పోయినవాళ్లు ఎందరో. రాయిని నీళ్లలో నూరే పద్ధతికి థామస్ బెన్సన్ 1726లోనే పేటెంటు తీసుకున్నాడు. నూరే చోట దుమ్ము తగ్గినా, గీకే బల్ల దగ్గర తగ్గలేదు.

మన ఇళ్లకి మొదట వచ్చినవి జర్మనీ బొమ్మలు, రవివర్మ బొమ్మల పోలికతో చేసినవి. చెట్టినాడు ఇళ్లల్లో ఇంకా ఉన్నాయి. జపాన్ సరుకూ వచ్చింది. అడుగున 'ఆక్యుపైడ్ జపాన్' ముద్ర ఉంటే 1945, 1952 మధ్య చేసింది. స్వదేశీ రోజుల్లో జపాన్ వెళ్లి పని నేర్చుకొచ్చిన సత్యసుందర్ దేవ్ కలకత్తా పాటరీ వర్క్స్‌ని నడిపించారు. మన పక్కన వృద్ధాచలంలో పింగాణీ పని పెరగడానికి కారణం మట్టే. నైవేలిలో బొగ్గు కోసం తవ్విన పై పొరల్లోనే చైనా క్లే దొరుకుతుంది. అక్కడా, మన గూడూరులోనూ ఈ విద్య నేర్పే ప్రభుత్వ సంస్థలున్నాయి.

బొమ్మ మీది రంగు బట్టీలో కాలిందా, కాలిన తర్వాత పూసిందా అన్నది కడిగే ముందే తేల్చుకోండి. పూసిన రంగైతే నీళ్లలో లేచిపోతుంది. అలాంటివాటిని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. అతుకు గీతని మాత్రం గీకించొద్దు, కొత్త రంగు వేయించొద్దు. ఆ బొమ్మ ఎలా పుట్టిందో చెప్పే గుర్తు అదొక్కటే.