మెత్తని ప్లాస్టిక్ ఎర: తాపీ నీళ్లలో ఏది పనికొస్తుంది?

సూరత్ ఉత్తరాన ఉన్న కోసాడ్ నుంచి దక్షిణంగా అమ్రోలి వైపు వెళ్తే తాపీ నది వస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో తపతి అని చదువుకున్నది ఈ నదినే. వానాకాలం తప్పిస్తే ఇక్కడ నీరు చెరువులా నిలిచి ఉంటుంది. దిగువన సింగణ్‌పోర్, రాందేర్‌ల మధ్య 1995లో కట్టిన ఆనకట్ట వంతెన సముద్రపు పోటును కింద ఆపి, మంచినీటిని పైన నిలుపుతుంది. సూరత్ తాగేది ఎక్కువగా ఈ నీటినే.

ఇలాంటి నీళ్లలో గాలం వేసేవారి చేతుల్లోకి కొన్నేళ్లుగా కొత్త వస్తువు వచ్చింది. అది మెత్తని ప్లాస్టిక్ ఎర. వానపాము, చిన్న చేప, రొయ్య, కప్ప ఆకారాల్లో రబ్బరులా సాగే ఈ ఎరలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వాటిని వాడటం నేర్పే వీడియోల్లో ఎక్కువ భాగం అమెరికా, జపాన్‌లలో తీసినవి. వాటిలో కనిపించే చేప బాస్. తాపీలో గానీ, గోదావరి, కృష్ణల్లో గానీ ఆ చేప లేదు. అందుకే ఆ వీడియోల్లోని కొనుగోలు జాబితాను యథాతథంగా పాటిస్తే డబ్బు వృథా అవుతుంది. వాటి వెనకున్న పద్ధతి మాత్రం మనకూ పనికొస్తుంది.

ఫినెస్ అంటే ఏమిటి?

బాస్ వేటలో ‘ఫినెస్’ అంటే సున్నితంగా వేటాడటం. చిన్న ఎర, తక్కువ బరువు, సన్నని దారం, నెమ్మదైన కదలిక దీని లక్షణాలు. వేటగాళ్ల తాకిడి ఎక్కువై చేపలు జాగ్రత్తపడిన చోట, నీరు తేటగా ఉన్నప్పుడు, చలికి చేప మందగించినప్పుడు ఈ పద్ధతి అక్కరకొస్తుంది. ఆకలి లేని చేప పెద్ద ఎర వెంట పరుగెత్తదు. నోటి ముందు నెమ్మదిగా జారే చిన్న ముక్కను మాత్రం వదలకపోవచ్చు.

ఈ ఎరల చరిత్ర పెద్దదేం కాదు. అమెరికాలోని అక్రాన్ నగరంలో నిక్ క్రీమ్ 1949లో మెత్తని ప్లాస్టిక్ వానపామును తయారుచేశాడు. తర్వాత జపాన్‌లో, అమెరికా పశ్చిమ తీరంలో వేట ఒత్తిడి పెరిగేకొద్దీ ఎరలు చిన్నవయ్యాయి, వాటిని గుచ్చే పద్ధతులు పెరిగాయి.

ముందు చేపను తేల్చుకోండి

లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. మన దగ్గర ఇంగ్లిష్‌లో ‘ఏషియన్ సీబాస్’ అని పిలిచే పండుగప్పకు పేరులో బాస్ ఉన్నా, అది వేరే కుటుంబానికి చెందినది. పేరు చూసి రెండింటికీ ఒకే ఎర, ఒకే దారం సరిపోతాయనుకోకూడదు.

తెలుగువారికి తెలిసిన చేపల్లో ప్లాస్టిక్ ఎరను పట్టేవి ముఖ్యంగా వేటాడి తినేవి. కొర్రమీను, వాలుగ, పండుగప్ప ఈ కోవలోవి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు లాంటి చేపల కోసం వీటిని కొనక్కర్లేదు. వాటికి పిండి ముద్దే సరైన ఎర.

సూరత్‌లో మరమగ్గాల పని మీద వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది మూలాలు తెలంగాణ పల్లెల్లో ఉన్నాయి. వాళ్లకు కొర్రమీను గురించి చెప్పాల్సిన పని లేదు. అది తెలంగాణ రాష్ట్ర చేప కూడా. మొప్పలతో పాటు గాలిని నేరుగా పీల్చుకునే ఏర్పాటు దానికి ఉంది. అందుకే ఆక్సిజన్ తక్కువున్న నీళ్లలోనూ, గుర్రపుడెక్క కింద కూడా బతుకుతుంది, మధ్యమధ్య పైకొచ్చి గాలి తీసుకుంటుంది. ఈ ఒక్క అలవాటు ఎర ఎంపికను సగం తేల్చేస్తుంది: కొర్రమీనుకు పైపైన, నాచులో చిక్కకుండా కదిలే ఎర కావాలి.

తేలేదా, మునిగేదా?

కొనేటప్పుడు చాలామంది మొదట రంగు చూస్తారు. మొదట చూడాల్సింది ఎర నీళ్లలో ఎలా ప్రవర్తిస్తుందన్నది. అది తయారైన పదార్థాన్ని బట్టి ఉంటుంది.

ఎక్కువ ఎరలు ప్లాస్టిసాల్‌తో చేస్తారు. అంటే పీవీసీని మెత్తబరిచే ద్రవంతో కలిపి, వేడిచేసి అచ్చుపోసినది. దీని సాంద్రత నీటికి దగ్గరగా ఉంటుంది. కొక్కెం బరువు తోడైతే నెమ్మదిగా మునుగుతుంది. ఇందులో ఉప్పు కలిపితే ఎర బరువెక్కుతుంది. బరువు కట్టకుండానే దూరం విసరవచ్చు, దిగేటప్పుడు రెండు కొసలూ వణుకుతాయి. గ్యారీ యమమోటో కంపెనీ ‘సెంకో’ పేరు తెచ్చుకున్నది ఈ గుణంతోనే. అయితే ఉప్పు ఎక్కువైన ఎర త్వరగా చిరుగుతుంది. రెండు మూడు చేపలకే ముక్కలు కావచ్చు.

రెండో రకం థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్. జెడ్‌మ్యాన్ కంపెనీ ‘ఎలాజ్‌టెక్’ పేరుతో అమ్మేది ఈ రకమే. చాలా సాగుతుంది, అంత తేలిగ్గా తెగదు, నీటిపై తేలుతుంది. పళ్లున్న చేపలకు ఇది లాభం. దీన్ని పీవీసీ ఎరలతో ఒకే డబ్బాలో పెడితే రెండూ కరిగి అంటుకుపోతాయి. కాబట్టి ఏ రకాన్ని ఆ రకం ప్యాకెట్‌లోనే ఉంచాలి.

ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా, ఇంట్లో బకెట్ నీళ్లతో తేల్చుకోవచ్చు. మీరు వాడబోయే కొక్కెం గుచ్చి ఎరను నీళ్లలో వదలండి. తేలిందా, అడ్డంగా దిగిందా, తల కిందులుగా దిగిందా చూడండి. నదిలో కంటికి కనిపించని సంగతి బకెట్‌లో కనిపిస్తుంది.

ఆకారం చేసే పని

ఆకారాల పేర్లు వందల్లో ఉన్నా, చేసే పనిని బట్టి నాలుగైదు రకాలే.

కర్ర ఎర: రెండు వైపులా సన్నబడిన కడ్డీలా ఉంటుంది. సొంతంగా పెద్ద కదలిక ఉండదు, దిగేటప్పటి వణుకే దాని బలం. తేట నీటికి, నెమ్మది వేటకు మంచిది.

తెడ్డు తోక: చిన్న చేప ఆకారం, తోక చివర తెడ్డులాంటి పలక. లాగితే తోక కొట్టుకుంటుంది, ఆ ప్రకంపన నీటిలో పాకుతుంది. కాస్త మసక నీటిలోనూ పండుగప్ప, వాలుగ దీన్ని పసిగట్టగలవు.

వంపు తోక: కొడవలిలా వంగిన పలచని తోక. అతి నెమ్మదిగా లాగినా ఆడుతుంది. చేతికి ఇంకా అలవాటు కుదరని వారికి అనువైనది.

రొయ్య ఆకారం: అడుగున చిన్న చిన్న గెంతులుగా కదపాలి. పోటు నీళ్లలో, రొయ్యలు తిరిగే చోట సహజంగా కనిపిస్తుంది.

కప్ప: లోపల బోలుగా ఉండి నీటిపై తేలుతుంది. కొక్కెపు మొనలు దాని వీపుకు ఆనుకుని ఉండటం వల్ల గుర్రపుడెక్క మీదుగా లాగవచ్చు. ఇది ఫినెస్ ఎర కాదు. కొర్రమీను వేటలో మాత్రం దీనికే మొదటి స్థానం.

పొడవు విషయానికొస్తే, ఫినెస్ ఎరలు సాధారణంగా రెండున్నర నుంచి ఐదు అంగుళాల మధ్య ఉంటాయి. ఆ కాలంలో ఆ నీటిలో తిరిగే చిన్న చేపల సైజుకు దగ్గరగా ఉన్నది ఎంచుకోవాలి.

గుచ్చే పద్ధతి

ఎర ఎంత మంచిదైనా గుచ్చడం కుదరకపోతే దండగ. ఫినెస్‌లో నాలుగు పద్ధతులు ఎక్కువగా వాడతారు.

‘వ్యాకీ’ పద్ధతిలో కర్ర ఎరకు సరిగ్గా నడుమ కొక్కెం గుచ్చుతారు. రెండు కొసలూ ఆడుతూ దిగుతుంది. ‘నెకో’లో దాని ఒక కొసలో చిన్న మేకులాంటి బరువు దూరుస్తారు. ఎర నిటారుగా దిగుతుంది. ‘డ్రాప్ షాట్’లో బరువు దారం చివర ఉంటుంది, కొక్కెం దానికి జానెడో మూరెడో పైన. బరువు బురదలో దిగబడినా ఎర నీటిలో వేలాడుతూ ఉంటుంది. ‘నెడ్’ పద్ధతిలో పుట్టగొడుగు ఆకారపు తల ఉన్న కొక్కేనికి తేలే చిన్న కర్ర ఎర తొడుగుతారు. అడుగున తోక పైకి లేచి నిలుస్తుంది. అమెరికాలోని కాన్సస్‌కు చెందిన రచయిత నెడ్ కెడీ పేరు మీద వచ్చిన పద్ధతి ఇది.

తాపీ లాంటి చోట, అడుగు మెత్తని ఒండ్రు అయితే నెడ్ తల అందులో కూరుకుపోతుంది. అక్కడ డ్రాప్ షాట్ నయం. గుర్రపుడెక్క, చెట్ల కొమ్మలు ఉన్న చోట మొన బయటికి ఉన్న ఏ పద్ధతీ పనికిరాదు. మెడ వంచిన కొక్కెంతో, మొనను ఎర ఒంట్లోనే దాచే టెక్సాస్ పద్ధతి వాడాలి.

బరువు ఎంత? 1.8 గ్రాముల నుంచి 5 గ్రాముల వరకు ఫినెస్ పరిధి. అడుగును తాకినట్టు చేతికి తెలిసేంత బరువు చాలు. గాలి గానీ, ప్రవాహం గానీ పెరిగితేనే పెంచాలి.

దారం దగ్గర రాజీ వద్దు

మనం బాస్ వీడియోలను వదిలేయాల్సిన చోటు ఇదే. అక్కడ 6 నుంచి 8 పౌండ్ల దారం చాలంటారు. తేటగా, ఖాళీగా ఉన్న నీటిలో బాస్‌కు అది చాలుతుంది. కొర్రమీను మాత్రం ఎర పట్టగానే గుర్రపుడెక్కలోకి దూరుతుంది. పండుగప్ప నోరు గరుకుగా ఉంటుంది, మొప్పల మూతల అంచు కత్తిలా ఉంటుంది. సన్న దారం తెగితే వేటగాడికి పోయేది ఒక ఎర. చేప మాత్రం నోట్లో కొక్కెంతో మిగిలిపోతుంది. ఎరలో సున్నితం ఉండాలి, దారంలో బలం ఉండాలి. అల్లిన సన్న దారానికి చివర 20 నుంచి 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ ముక్క కట్టుకుంటే పండుగప్ప విషయంలో రెండూ కుదురుతాయి.

రంగు, కాలం

రంగుకు రెండే సూత్రాలు. తేట నీటిలో సహజమైన, పారదర్శకమైన రంగులు: లేత గోధుమ, పచ్చ, వెండి పొడి చల్లినవి. మసక నీటిలో నీడలా గట్టిగా కనిపించే నలుపు, ముదురు నీలం, లేదా బాగా కొట్టొచ్చే తెలుపు, నిమ్మపచ్చ. ఈ రెండు రకాల్లో ఒక్కొక్కటి ఉంటే చాలు. ఇరవై రంగులు కొనడం దుకాణానికి లాభం.

కాలం కూడా చూడాలి. వానాకాలంలో పైనున్న ఉకాయి జలాశయం నుంచి నీరు వదిలితే నది ఎర్రబడి ఉరుకుతుంది. అప్పుడు ఫినెస్ మాట మరిచిపోవాలి, ఒడ్డుకు వెళ్లకపోవడమే క్షేమం. 2006 ఆగస్టు వరదలు సూరత్‌కు నేర్పిన పాఠం అది. వానలు తగ్గి, నీరు తేరుకున్న నవంబరు నుంచి మార్చి వరకు ఈ పద్ధతికి అనువైన రోజులు.

నీటిలో వదిలేసి రాకూడనివి

పేరులో ‘మెత్తని’ ఉన్నంత మాత్రాన ఇది ప్లాస్టిక్ కాకుండా పోదు. ఊడిపోయిన ఎర నీటిలో కుళ్లిపోదు. మెత్తబరిచే రసాయనం నీటిలోకి నెమ్మదిగా దిగుతుంది. చేప దాన్ని మింగితే కడుపులో ఉండిపోవచ్చు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 2013లో ఈ ఎరలను నిషేధించాలని శాసనసభలో బిల్లు పెట్టారు. చివరికి అది అధ్యయనంగా మారింది గానీ ప్రశ్న పోలేదు. తాగునీటి నదిలో ఆ ప్రశ్న ఇంకా గట్టిది. చిరిగిన ఎరలను జేబులో వేసుకుని ఇంటికి తేవాలి. చిరగని రకాన్ని కొనడం కూడా ఎంపికలో భాగమే.

సీసం గుండ్ల సంగతీ ఇంతే. వాటిని మింగి హంసలు చనిపోతున్నాయని బ్రిటన్ 1987లో చాలా సైజుల సీసం బరువుల అమ్మకాన్ని ఆపింది. టంగ్‌స్టన్ ఖరీదెక్కువ. కానీ సీసం కంటే సాంద్రత ఎక్కువ కాబట్టి అదే బరువుకు చిన్నగా ఉంటుంది, అడుగు స్పర్శ బాగా తెలుస్తుంది. ఫినెస్‌కు అదే మేలు.

ఇక చేపల వంతు. కొర్రమీను జంట తమ పిల్లల గుంపును కాపలా కాస్తుంది. నీటిపై ఎర్రగా బుడబుడలాడే పిల్లల గుంపు దగ్గర ఎర పడితే తల్లీతండ్రీ ఆకలితో కాదు, కోపంతో కొడతాయి. వాటిని పట్టుకుంటే ఆ పిల్లలు మిగతా చేపల పాలవుతాయి. పండుగప్ప మగదిగా పెరిగి, తర్వాత ఆడదిగా మారుతుంది. అంటే పెద్ద చేపలే గుడ్లు పెట్టేవి. ఫొటో తీసుకుని పెద్దదాన్ని వదిలేయడం వచ్చే ఏడాది వేటను కాపాడుకోవడమే. కొక్కెపు ముల్లును పటకారుతో నొక్కేస్తే వదలడం సులువు.

బాస్‌ను ఇక్కడికి తెచ్చి వదిలితే ఎలా ఉంటుందన్న ఆలోచన కూడా ప్రమాదమే. జపాన్ 1925లో లార్జ్‌మౌత్ బాస్‌ను ఆషి సరస్సులోకి తెచ్చుకుంది. అది దేశమంతా పాకి స్థానిక చేపలను తినేయడంతో 2005లో చట్టం చేసి దాని పెంపకాన్ని, రవాణాను, విడుదలను నిషేధించాల్సి వచ్చింది. మనం తెచ్చుకోవాల్సింది పద్ధతి ఒక్కటే.

మొదటిసారి కొనేవారికి

చిరగని రకంలో మూడంగుళాల తెడ్డు తోక ఒకటి, ఉప్పు కలిపిన కర్ర ఎర ఒకటి, ఒక బోలు కప్ప. సహజ రంగు ఒకటి, ముదురు రంగు ఒకటి. మెడ వంచిన కొక్కేలు ఐదారు, మూడు నుంచి ఐదు గ్రాముల బరువులు కొన్ని. వీటితో ఒక సీజన్ గడుస్తుంది. జలాశయాల్లోనూ, చెరువుల్లోనూ చేపల హక్కు చాలాచోట్ల సహకార సంఘాలదో, కౌలుదారులదో అయి ఉంటుంది. గాలం వేసేముందు వారిని అడగడం మర్యాద, చట్టరీత్యా అవసరం కూడా.